బొమ్మ జాకెట్టుకు మిల్లీమీటరు లెక్క అవసరమా?

ప్రశ్న: పర్లాకిమిడి నుంచి ఒక గృహిణి

పెద్దలకు, కుట్టుపని తెలిసిన అక్కచెల్లెళ్ళకు నమస్కారం. రాబోయే సంక్రాంతికి మా ఇంట పెట్టే బొమ్మల కొలువులో ఈసారి బొమ్మల పెళ్ళి కూడా చేయవలసిందేనని పిల్లలు పట్టుబట్టడంతో, పెళ్ళికూతురికి, పెళ్ళికొడుకుకు, వారి వెంట నిలబడే చుట్టాలకు బట్టలు కుట్టే పని నా మీద పడింది. పెళ్ళికూతురు పదకొండున్నర అంగుళాల ప్లాస్టిక్ బొమ్మ, అంటే ఎత్తు సుమారు 29 సెంటీమీటర్లు. చుట్టాలలో ఇద్దరు మాత్రం మా అత్తగారు పాత చీర గుడ్డతో, దూదితో స్వయంగా చేసిన గుడ్డ బొమ్మలు. ఇంట్లో పెద్దవాళ్ళకు జాకెట్లు, పిల్లలకు పరికిణీలు చాలాకాలంగా నేనే కుడుతున్నాను కనుక మిషను పని నాకు కొత్త కాదు.

నా సందేహం ఇది. ఒకే నమూనా కాగితం పెట్టి, ఒకే కొలతలతో పెళ్ళికూతురికి రెండు జాకెట్లు కుట్టాను. మొదటిది పలుచని నూలు గుడ్డ, దానికి లైనింగ్ లేదు. రెండోది బరంపురం పట్టుచీర ముక్క, లోపల నూలు లైనింగ్ ఉంది. మొదటిది బొమ్మకు అతికినట్టు సరిపోయింది. రెండోదాని వెనక అంచులు ఒకదాని మీదికి ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే వస్తున్నాయి, టిచ్ బటను కుట్టడానికి ఆ చోటు చాలదు. నమూనాలో బొమ్మ ఛాతీ 13 సెంటీమీటర్లుగా తీసుకొని, దానికి ఆరు మిల్లీమీటర్ల లూజు, వెనక పట్టీకి మరో ఆరు మిల్లీమీటర్లు కలిపారు. కుట్టు మార్జిన్ కూడా ప్రతి అంచుకు ఆరు మిల్లీమీటర్లే. కత్తిరింపులో తేడా ఏమీ లేదని రెండు జాకెట్ల ముక్కలనూ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను.

మా అత్తగారేమో, బొమ్మకు టేపు పట్టుకునేదేమిటమ్మా, కంటికి ఆనినట్టు కత్తిరించి కుట్టడమే కదా అంటారు. ఆవిడ కొలవకుండా కుట్టిన బొమ్మ లంగాలు నిజంగానే చక్కగా నిలుస్తాయి కనుక ఎదురు చెప్పలేకపోతున్నాను. ఇంత చిన్న బట్టకు కొలత ఎంత ఖచ్చితంగా ఉండాలి, దేనితో కొలవాలి, ఒకే కాగితంతో కత్తిరించిన రెండు జాకెట్లకు ఈ తేడా ఎందుకు వచ్చింది అన్నవి తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు: రాయగడ నుంచి, లెక్కల ఉపాధ్యాయుడు

అమ్మా, నమస్కారం. నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా సరిగా రాదు, కానీ మీరు ఇచ్చిన అంకెలలో నాకు తెలిసిన లెక్క ఒకటి కనిపించింది కనుక రాస్తున్నాను.

మీ బొమ్మ మనిషిలో ఆరోవంతు. పదకొండున్నర అంగుళాలను ఆరుతో హెచ్చిస్తే అరవై తొమ్మిది అంగుళాలు, అంటే ఐదడుగుల తొమ్మిది అంగుళాల మనిషి. ఆ మనిషి ఆరోవంతుకు తగ్గినప్పుడు చేయి తగ్గింది, నడుము తగ్గింది, మెడ తగ్గింది. గుడ్డ మందం మాత్రం తగ్గలేదు. సుద్ద గీత వెడల్పు, కుట్టు పక్కకు జరిగే దూరం, దారం లావు, ఇవి కూడా మనిషి బట్టలో ఎంత ఉంటాయో బొమ్మ బట్టలోనూ అంతే ఉంటాయి. మీ రెండు జాకెట్ల తేడాకు మూలం ఇక్కడే ఉన్నదని నా అభిప్రాయం.

గుండ్రని వస్తువు చుట్టూ ఒక పొర తిరిగినప్పుడు, ఆ పొరకు లోపలివైపు ఇంకొక పొర చేరితే లోపలి చుట్టుకొలత ఎంత తగ్గుతుందో చూడండి. చేరిన మందాన్ని రెండు పైలతో, అంటే సుమారు 6.28తో హెచ్చించాలి. లైనింగ్ గుడ్డ, దాని మడత, లోపల నలిగిన దారాలు అన్నీ కలిపి అర మిల్లీమీటరు అనుకుంటే, చుట్టుకొలతలో మూడు మిల్లీమీటర్లకు కొంచెం పైగా పోతుంది. ఇందులో విశేషం ఏమిటంటే, చుట్టబడిన వస్తువు లావా సన్నమా అన్నదానితో ఈ లెక్కకు పనిలేదు. తొంభై సెంటీమీటర్ల ఛాతీ ఉన్న మనిషి జాకెట్టులోనూ ఆ లైనింగ్ తినేది ఆ మూడు మిల్లీమీటర్లే, పదమూడు సెంటీమీటర్ల బొమ్మ జాకెట్టులోనూ తినేది ఆ మూడే. మనిషికి అది నూటికి అర కూడా కాదు కనుక ఎవరికీ తెలియదు. బొమ్మకు నూటికి రెండుకు పైగా అవుతుంది, పైగా మీరు వదిలిన లూజంతా ఆరు మిల్లీమీటర్లే కనుక అందులో సగం అక్కడే హరించుకుపోతుంది.

పక్క కుట్ల దగ్గర గుడ్డ మడత తిరిగేచోట మరొక మిల్లీమీటరు పోతుందనుకుంటే మొత్తం నాలుగు. మీ పట్టీ ఆరు నుంచి రెండుకు దిగిందన్నారు కదా, అదీ నాలుగే. కానీ ఒక్క చిక్కు మిగిలి ఉంది. ఆరు మిల్లీమీటర్ల లూజు మొదట ఉండగా, ఈ నాలుగూ ముందు లూజులోంచి పోవాలి గాని పట్టీలోంచి పోకూడదు. అంటే పట్టు జాకెట్టు మొదలుపెట్టకముందే మీ లూజు ఎక్కడో ఖర్చయిపోయి ఉండాలి. మొదటి జాకెట్టు అతికినట్టు ఉందన్నారు, ఆరు మిల్లీమీటర్ల లూజు ఉన్న బట్ట బొమ్మకు అతికినట్టు ఉండకూడదు. ఆ ఆరూ ఏమయ్యాయో మిషను తెలిసినవారు చెప్పాలి.

జవాబు: బరంపురం నుంచి, దర్జీ

అమ్మా, మాస్టారు సగం దారి చూపించారు, మిగిలిన సగం మీ మిషను పాదం కింద ఉండవచ్చు. పాదం అంటే సూది దగ్గర గుడ్డను నొక్కి పట్టే ముక్క. మామూలుగా మనం కుట్టేటప్పుడు గుడ్డ అంచును ఆ పాదం అంచుకు ఆనించి నడుపుతాం, అది పావు అంగుళం అనుకుంటాం. అన్ని పాదాలూ పావు అంగుళం ఉండవు. ఒక కాగితం మీద స్కేలుతో గీత గీసి, దాని అంచును పాదం అంచుకు పెట్టి, దారం లేకుండా నాలుగు పోట్లు వేసి, ఆ రంధ్రాల నుంచి కాగితం అంచుకు ఎంత దూరం ఉన్నదో స్టీలు స్కేలుతో చూడండి. మార్జిన్‌లో ఒక్క మిల్లీమీటరు ఎక్కువ పోతే, ఒక కుట్టులో రెండు ముక్కలు కలుస్తాయి కనుక రెండు మిల్లీమీటర్లు పోయినట్టు. జాకెట్టుకు పక్క కుట్లు రెండు కనుక నాలుగు. ఆ దూరం ఎంత వచ్చినా, సూదిపలక మీద సూది నుంచి ఆరు మిల్లీమీటర్ల దగ్గర ఒక కాగితపు టేపు ముక్క అతికించి, గుడ్డను దానికి ఆనించి కుట్టడం ఒక్కటే మార్గం. మెడ, చంక గుండ్రాల దగ్గర ఆరు కూడా ఎక్కువే, అక్కడ కుట్టిన తరువాత మూడుకు కత్తిరించి గాట్లు పెట్టాలి, లేకపోతే గుడ్డ తిరగదు.

ఇక దేనితో కొలవాలని అడిగారు. మన మెడలో వేలాడే టేపు వెడల్పే సుమారు ఒకటిన్నర సెంటీమీటరు ఉంటుంది. భుజం నుంచి నడుము దాకా ఐదారు సెంటీమీటర్లు మించని బొమ్మ మీద ఆ టేపు ఒంపులో కూర్చోదు. దాని పై అంచు ఛాతీని తాకుతుంది, కింది అంచు గాలిలో ఉంటుంది. మామూలు కాగితాన్ని నాలుగు మిల్లీమీటర్ల వెడల్పు పట్టీగా కోసి, బొమ్మ చుట్టూ తిప్పి, రెండు పొరలూ కలిసేచోట సూదితో ఒకేసారి గుచ్చి, విప్పి, రెండు రంధ్రాల మధ్య దూరం స్టీలు స్కేలు మీద చూడండి. దారంతో కొలిచేవారు ఉన్నారు గాని దారం లాగితే సాగుతుంది, నాకు దాని మీద నమ్మకం లేదు. స్కేలు చివర అరిగిపోయి ఉంటే సున్న దగ్గర కాకుండా పది దగ్గర మొదలుపెట్టి, వచ్చినదాంట్లోంచి పది తీసివేయండి.

బొమ్మకు లోపల వేసే బట్ట ఏదైనా ఉంటే అది వేసిన తరువాతే కొలవాలి. చేయి చివర మణికట్టు దగ్గర కొలిచి చేతులు కత్తిరిస్తే ఆ జాకెట్టు జన్మలో తొడగలేరు, ఎందుకంటే ప్లాస్టిక్ బొమ్మ బొటనవేలు ముడుచుకోదు. బొటనవేలితో కలిపి అరచేయి చుట్టూ కొలవాలి. ముడుచుకోని ఆ వేలికి గుడ్డ తగులుకోకుండా, చేతికి పలుచని ప్లాస్టిక్ కవరు ముక్క తొడిగి తరువాత జాకెట్టు జారవిడిస్తే సులువుగా ఎక్కుతుంది.

నమూనా కాగితం ఎక్కడిదో మీరు రాయలేదు. నెట్‌లోంచి దించుకొని దుకాణంలో ప్రింటు తీయించినదైతే ఒకటి గమనించండి. ఆ నమూనాలు చాలావరకు అమెరికా వారి లెటర్ సైజు కాగితానికి చేసినవి. మన దగ్గర ఎ4 కాగితం వాడతారు. దుకాణం వాడు కాగితానికి సరిపెట్టు అన్న మీట నొక్కితే మొత్తం నమూనా నూటికి తొంభై ఏడుకు కుదించుకుపోతుంది. పదమూడు సెంటీమీటర్ల ఛాతీలో అది నాలుగు మిల్లీమీటర్లు. అందుకే మంచి నమూనాలలో ఒక మూల ఒక అంగుళం చదరం గీసి ఉంటుంది. దాన్ని కొలిస్తే 25.4 మిల్లీమీటర్లు రావాలి, ఇరవై ఐదుకు లోపు వస్తే ఆ కాగితాన్ని పక్కన పెట్టి మళ్ళీ తీయించండి. నమూనా పేరు చూసి కూడా మోసపోవద్దు. బార్బీ బొమ్మ 1959 నుంచి ఉన్నదే గాని, 2016 నుంచి పొడుగు, పొట్టి, కాస్త బొద్దు అని వేరు వేరు ఒళ్ళతో వస్తోంది, అన్నిటికీ ఒకే నమూనా పట్టదు.

మీ అత్తగారి మాట కొట్టిపారేయకండమ్మా. కుచ్చుల లంగాకు నడుములో నాడా ఉంటుంది, గుడ్డ రెండు సెంటీమీటర్లు ఎక్కువైనా కుచ్చుల్లో కలిసిపోతుంది, తక్కువైనా కుచ్చు పలుచబడుతుందంతే. అక్కడ ఆవిడ కన్ను చాలు. జాకెట్టులో దాచుకోవడానికి కుచ్చు లేదు.

ప్రశ్న అడిగినవారు: పర్లాకిమిడి

మాస్టారికి, దర్జీ గారికి కృతజ్ఞతలు. కాగితం మీద పోట్లు వేసి చూశాను. మా మిషను పాదం అంచు నుంచి సూది రంధ్రానికి ఏడున్నర మిల్లీమీటర్లు ఉన్నది. నమూనాలోని చదరం మాత్రం సరిగ్గా 25.4 మిల్లీమీటర్లు వచ్చింది, కనుక ప్రింటులో లోపం లేదు.

మరొక రెండు సందేహాలు. పట్టు జాకెట్టును మళ్ళీ కత్తిరించేటప్పుడు ఆ నాలుగు మిల్లీమీటర్లు ఎక్కడ కలపాలి, వెనక పట్టీ దగ్గరే కలిపితే సరిపోతుందా? ఇంకొకటి, ఆ పట్టుచీర ముక్కతోనే పెళ్ళికూతురికి చీర కట్టాలని పిల్లల కోరిక. మా చీర ఐదున్నర మీటర్లు, దాన్ని ఆరుతో భాగించి కత్తిరించవచ్చునా?

జవాబు: రాయగడ, లెక్కల ఉపాధ్యాయుడు

ఆరుకు బదులు ఏడున్నర అంటే అంచుకు ఒకటిన్నర, కుట్టుకు మూడు, రెండు కుట్లకు ఆరు. పోయిన లూజు దొరికింది.

జవాబు: గుణుపురం నుంచి, బొమ్మలు చేసే అలవాటున్న ఒక అక్క

చెల్లీ, చీర విషయం నేను చెబుతాను, జాకెట్టు విషయం దర్జీ గారికే వదిలేస్తాను.

ఐదున్నర మీటర్లను ఆరుతో భాగిస్తే సుమారు 92 సెంటీమీటర్లు వస్తుంది, పన్నా, అంటే చీర వెడల్పు, కూడా అలాగే భాగిస్తే 19 సెంటీమీటర్ల దాకా వస్తుంది. పన్నా వరకు ఆ లెక్క బాగానే పనిచేస్తుంది, బొమ్మ నడుము నుంచి పాదం దాకా కొలిచి, మడతకు, దోపుడుకు కొంచెం కలుపుకొని సరిచూసుకో. పొడవు మాత్రం అలా తీసుకోవద్దు. మనం ఏడు కుచ్చిళ్ళు పెట్టుకుంటే నడుము దగ్గర పద్నాలుగు పొరలు చేరతాయి. పట్టుగుడ్డ పొర ఒక్కొక్కటి 0.2 మిల్లీమీటర్లు అనుకున్నా మొత్తం మందం దాదాపు మూడు మిల్లీమీటర్లు, అది మన నడుముకు లెక్కలోకి రాదు. బొమ్మ నడుము దగ్గర అదే మూడు మిల్లీమీటర్లు, మన ఒంటి లెక్కలో చూస్తే దాదాపు రెండు సెంటీమీటర్ల దిండు దోపుకున్నట్టు. పెళ్ళికూతురు కడుపుతో ఉన్నట్టు కనిపిస్తుంది, పిల్లలు నవ్వుతారు. కుచ్చిళ్ళు నాలుగుకు మించి పెట్టకు. ఒక్కొక్క కుచ్చి రెండు సెంటీమీటర్లు ఉంటే దానికి నాలుగు సెంటీమీటర్ల గుడ్డ పడుతుంది, మూడు కుచ్చిళ్ళు తగ్గితే పన్నెండు తగ్గి, పొడవు ఎనభై సెంటీమీటర్లు చాలు. దోపుకొనే చోట గుడ్డను నడుము చుట్టూ తిప్పకుండా, సన్నని నాడాకు కుట్టేసి నాడా మాత్రమే కడితే ఇంకా పలుచగా వస్తుంది.

బరంపురం పట్టు అన్నావు కనుక అంచు గురించి జాగ్రత్త. ఆ అంచులోని కుంభం వరుస, గుడి శిఖరాల్లాంటి ఆ కోణాలు, ఆ చీరకు అందమంతా అవే. పెద్ద చీర అంచును అలాగే బొమ్మకు పెడితే ఏమవుతుందో లెక్క వేసుకో. మూడు సెంటీమీటర్ల కుంభం ఆ బొమ్మ మీద, మనిషి చీరలో పద్దెనిమిది సెంటీమీటర్ల కుంభంలా కనిపిస్తుంది, అంటే చీలమండ దాటి పైదాకా గుడి. సన్నంచు చీర ముక్క దొరికితే అది తీసుకో, లేదా అదే ముక్క అంచులో శిఖరాల చివర్లు మాత్రం వచ్చేలా కత్తిరించి అతికించు. అలా అతికించేటప్పుడు ముందు కుచ్చిళ్ళ మీద పడే చోట శిఖరం సగానికి తెగకుండా, అక్కడి నుంచి రెండు పక్కలకూ కొలుచుకుంటూ రావాలి. నేనైతే పట్టు ముక్కను కొలవకముందే తేలికపాటి ఇస్త్రీతో మడతలు తీసేస్తాను. నూలు లైనింగ్ అయితే ముందు తడిపి ఆరవేస్తాను, ఎందుకంటే చేనేత నూలు నూటికి మూడు వంతులు కుదించుకున్నా ఆ జాకెట్టులో మళ్ళీ నాలుగు మిల్లీమీటర్లే.

మీ అత్తగారి గుడ్డ బొమ్మలకు కొలత తీసే పద్ధతి వేరు. దూది కూరకముందు కొలిచిన కొలత పనికిరాదు, కూరిన తరువాత కూడా టేపు బిగిస్తే ఒళ్ళు లోపలికి పోతుంది, వదులు చేస్తే పైకి ఉబ్బుతుంది. కాగితపు పట్టీ బొమ్మను నొక్కకుండా తాకినంత మాత్రమే తిప్పి గుచ్చాలి. రెండు బొమ్మలూ ఒకే చేతితో చేసినవైనా ఒకేలా ఉండవు కనుక దేనికది కొలిచి, కొలతల కాగితం మీద ఏ బొమ్మదో రాసిపెట్టుకో. చేత్తో చేసిన బొమ్మకు కుడి భుజం, ఎడమ భుజం కూడా ఒకలా ఉండకపోవచ్చు. రెండూ కొలిచి, పెద్దదాని ప్రకారం కత్తిరించు.

జవాబు: బరంపురం, దర్జీ

అమ్మా, నాలుగు మిల్లీమీటర్లూ వెనక పట్టీ దగ్గర కలిపితే బటను పడుతుంది గాని మెడ వెనక్కు జారుతుంది, ముందు భాగం బిగుతుగానే ఉంటుంది, పక్క కుట్టు చంక కిందికి రాకుండా ముందుకు కనిపిస్తుంది. ముందు ముక్కకు రెండు పక్కలా, వెనక ముక్కలు రెండింటికి పక్కవైపున, ఒక్కొక్క అంచుకు ఒక్క మిల్లీమీటరు చొప్పున కలపండి. నాలుగు అంచులకు నాలుగు అవుతుంది. చంక అడుగు కూడా రెండు మిల్లీమీటర్లు వెడల్పవుతుంది కనుక చేతి ముక్కకు రెండు పక్కలా అదే ఒక్కొక్క మిల్లీమీటరు కలపడం మరిచిపోవద్దు, లేకపోతే చంకలో ముడత పడుతుంది. లైనింగ్‌ను మాత్రం పాత కొలతకే ఉంచండి, అది లోపల ఉండేది కనుక పైగుడ్డకంటే కొంచెం తక్కువగా ఉంటేనే సాపుగా కూర్చుంటుంది. ఇదంతా మార్జిన్ సరిగ్గా ఆరు మిల్లీమీటర్లకు కుట్టినప్పటి మాట, కాబట్టి సూదిపలక మీద గుర్తు ముందు అతికించండి.

మిల్లీమీటరు కలపమంటే మొద్దు సుద్దతో గీసి కలపకండి, ఆ గీతే రెండు మిల్లీమీటర్లు ఉంటుంది. గీత లోపలి అంచున కత్తిరిస్తారా, బయటి అంచునా అన్నదాంతోనే మీరు కలిపినదంతా వచ్చిపోతుంది. స్నానం సబ్బు అరిగి పలుచబడిన ముక్క అంచు మంచి గీత గీస్తుంది, పట్టు మీద ముందు ఒక మూల గీసి మచ్చ పడదని చూసుకోండి. లేత రంగు గుడ్డకు చెక్కిన పెన్సిల్ చాలు. కొలతలన్నీ మిల్లీమీటర్లలోనే ఉంచండి. నేను అంగుళాలలో కత్తిరించేవాడినే గాని, బొమ్మల పనికి అంగుళాలు, సెంటీమీటర్లు కలిపి వాడితే పావు అంగుళం ఒకచోట ఆరు, ఇంకొకచోట ఆరున్నర అయి కూర్చుంటుంది.

అసలు పట్టు కత్తిరించే ముందు, అదే మందంగల పాత గుడ్డకు ఏదైనా లైనింగ్ వేసి, పెద్ద పోట్లతో ఒక కచ్చా జాకెట్టు కుట్టి బొమ్మకు తొడగండి. వెనక పట్టీలో ఆరు మిల్లీమీటర్లు ఒకదాని మీద ఒకటి పడి, కాగితపు పట్టీ ఒకటి ఛాతీకి, గుడ్డకు మధ్య సులువుగా దూరితే పట్టు కత్తిరించవచ్చు. పట్టు కుట్టేటప్పుడు పోటు ఒకటిన్నర నుంచి రెండు మిల్లీమీటర్లు పెట్టి, తొమ్మిదో నంబరు సూది వాడండి. బటన్లకు మాత్రం ఉన్నవాటిలో అన్నిటికంటే చిన్న టిచ్ బటన్లు తీసుకొని, పైదాన్ని ముందు కుట్టి, దాని బొడిపెకు సుద్ద రాసి, బొమ్మ ఒంటి మీదే జాకెట్టు మూసి కింది అంచు మీద అద్దండి. ఆ గుర్తు పడిన చోటే రెండో సగం కుట్టాలి, అక్కడ స్కేలుతో పని లేదు.